కుడికాలి గేరు, ఎడమకాలి గేరు

బండి ఇంటికొచ్చిన మూడో రోజు సాయంత్రం, వేమగిరి దాటి కడియపులంక వెళ్లే దారిలో ఒక గేదె రోడ్డు మీదికి వచ్చింది. పరుగెత్తి కూడా రాలేదు పాపం. కాలువలో నీళ్లు తాగి, గట్టెక్కి, తన తీరికలో తాను నడుచుకుంటూ వచ్చింది. నేను నలభై స్పీడులో ఉన్నాను. ఆపడానికి బోలెడంత చోటుంది, టైముంది. అంత టైములో నేను చేసిన పనల్లా ఎడమ చేతి లివరు గట్టిగా పట్టేసి, ఎడమ కాలు బలంగా కిందికి తొక్కడం.

ఆ రెండూ బ్రేకులు కావు. ఎడమ చేతిది క్లచ్, ఎడమ కాలిది గేరు. బ్రేకులుండేది కుడిచేతికీ, కుడికాలికీ. క్లచ్ పట్టేసరికి ఇంజినుకీ చక్రానికీ సంబంధం తెగిపోయింది. గేరేమో ఒకటి తగ్గి కూర్చుంది. 195 కిలోల బండి, దాని మీద 78 కిలోల నేను, ఏ అడ్డూ లేకుండా జారుకుంటూ గేదె మీదికి పోతున్నాం. గేదె మా వంక ఒకసారి చూసి, తనే రెండడుగులు ముందుకేసింది. దాని తోకకీ నా హ్యాండిలుకీ మధ్య జానెడు ఖాళీలోంచి దూరి, ఇంకో ఇరవై గజాలు పోయాక కుడికాలు గుర్తొచ్చింది.

గట్టు మీద కూర్చుని బీడీ కాలుస్తున్న పెద్దాయన అడిగాడు. "ఏమండీ, కొత్త బండికి బ్రేకుల్లేవాండి?"

"బండికున్నాయండి, నాకే లేవు" అన్నాను.

ఆ సాయంత్రం ఇంటికొచ్చి కాఫీ తాగుతుంటే గ్లాసు చేతిలో నిలవలేదు. మా ఆవిడకి గేదె సంగతి చెప్పలేదు. చెప్పుంటే ఈ కథ అక్కడితో అయిపోయేది.

నాకు 63 ఏళ్లు. నీటిపారుదల శాఖలో 1987లో అసిస్టెంట్ ఇంజినీరుగా చేరాను. అంతకు ముందు ఏడాది ఆగస్టులోనే గోదావరికి పెద్ద వరదొచ్చింది. నేను చేరేటప్పటికి ధవళేశ్వరం ఆఫీసులో ఎవర్ని కదిపినా ఆ కబుర్లే. డెల్టా కాలువల మీద తిరగాలంటే జీపు దొరికేది కాదు, సైకిలు సరిపోయేది కాదు. మరుసటేడు సెకండ్ హ్యాండులో ఒక బుల్లెట్ 350 కొన్నాను. మద్రాసులో తయారైన బండి. ఇంగ్లండు వాళ్లు ఆ పేరుతో మొదటి బండి చేసింది 1932లో. మన సైన్యానికి సరిహద్దుల్లో తిరగడానికి కావాలని 1955లో మద్రాసులో కంపెనీ పెట్టి ఇక్కడే తయారు చెయ్యడం మొదలెట్టారు. తర్వాత ఇంగ్లండులో ఫ్యాక్టరీ మూతపడింది, మద్రాసులో నడుస్తూనే ఉంది. అందుకే ఆ ఇంగ్లీషు అలవాట్లన్నీ నా బండికీ ఉండేవి. గేరు కుడికాలికి, వెనక బ్రేకు ఎడమకాలికి. మొదటి గేరు పైకి, మిగతా మూడూ కిందికి. ఎక్కడైనా ఆగాల్సొస్తే మడమతో ఒక చిన్న లివరు నొక్కితే టక్కున న్యూట్రల్లో పడేది.

దాన్ని స్టార్ట్ చెయ్యడం ఒక తంతు. ఈ కాలం పిల్లలకి చెబితే నవ్వుతారు గానీ చెప్పాల్సిందే. కిక్ రాడ్డుని పాదంతో మెల్లగా కిందికి నొక్కుతూ, హెడ్‌లైటు పైనున్న అమ్మీటరు ముల్లుని చూడాలి. మొదట ఒక పక్కకి వాలి ఉంటుంది. కాలికి రాయి తగిలినట్టు ఒకచోట రాడ్డు ఆగుతుంది, ముల్లు మధ్యకొస్తుంది. అప్పుడు హ్యాండిలుకున్న చిన్న డీకంప్రెషన్ లివరు, అంటే ఇంజిన్లో బిగిసిన గాలిని వదిలేది, పట్టుకుని రాడ్డుని ఇంకో అంగుళం దించాలి. లివరు వదిలెయ్యాలి. రాడ్డుని పైకి రానివ్వాలి. అప్పుడు ఒంట్లో బరువంతా పాదంలోకి దించి ఒక్క తన్ను తన్నాలి. సరిగ్గా పడితే డుగ్గుమని మేలుకుంటుంది. తేడా పడిందా, రాడ్డు వెనక్కి తన్నేది. నా కుడి చీలమండ మీద ఇప్పటికీ ఒక కాయ ఉంది.

ఆ బండి మీద పదకొండేళ్లు తిరిగాను. 1999లో అమ్మేశాను. అమ్మడానికి పెద్ద కారణాలేవీ లేవు. ఇద్దరు పిల్లలు, బజారు సంచులు, స్కూలు ట్రిప్పులు. గేర్లు లేని స్కూటరు కొన్నాను. తర్వాత ఇంకోటి, దాని తర్వాత ఇంకోటి. అలా పాతికేళ్ల పైన ఎడమ చెయ్యి పట్టుకుంటే బ్రేకు పడే బళ్లే నడిపాను. అంటే చూడండి, గేదె వచ్చినప్పుడు నా ఎడమ చెయ్యి స్కూటరు మీద ఉంది, నా ఎడమ కాలు 1988లో ఉంది. కొత్త బండి మీద నాలో ఉన్నది ఒక్క కుడి పక్కే.

అసలు ఈ వయసులో బండేంటి అంటే, దానికి మా వియ్యంకుడు గారు కారణం. కొత్తపేట దగ్గర కొబ్బరి తోటలున్న మనిషి, నా కంటే రెండేళ్లు పెద్ద. మా అమ్మాయి పెళ్లై తొమ్మిదేళ్లయినా మేమిద్దరం "బావగారూ, ఇలా కూర్చోండి", "అయ్యో, ముందు మీరు" అనుకుంటూ అరగంట నిలబడే ఉండే బాపతు. 2025 జూలైలో మనవడి పుట్టినరోజుకి భోజనాలయ్యాక వరండాలో కూర్చుంటే, ఏ మాటకొచ్చిందో, ఆయన "మా రోజుల్లో నాకు యెజ్డీ ఉండేదండి" అన్నారు. కిక్ రాడ్డుతోనే స్టార్ట్ చేసి, దాన్నే మడిచి గేరు రాడ్డుగా వాడుకునే బండి. పెట్రోల్లో ఆయిలు కలిపి పొయ్యాలి. రెండు సైలెన్సర్లు. ఆయన చేతులు గాల్లో పెట్టి క్లచ్ పట్టి మరీ చెబుతుంటే, తొమ్మిదేళ్లలో మొదటిసారి ఆ మనిషి మొహం సరిగ్గా చూశాను అనిపించింది. నేను బుల్లెట్ సంగతి ఎత్తాను. లోపల్నుంచి మా ఆవిడ వచ్చి "సాయంత్రం ఆరైందండీ, బయల్దేరాలా వద్దా" అనేదాకా లేవలేదు.

ఇంటికొచ్చి లైసెన్సు తీసి చూస్తే 2024 ఆగస్టులోనే గడువు అయిపోయింది. రిటైరైన హడావుడిలో చూసుకోలేదు. స్కూటరు మీద కూరగాయలకే కదా అని ఏడాది పాటు అలాగే తిరిగేశాను. తప్పే. గడువు దాటి ఏడాదిలోపు వెళ్తే మామూలుగా రెన్యువల్ చేస్తారు. ఏడాది దాటితే మళ్లీ డ్రైవింగ్ టెస్టు పాసవ్వాలి. నేను తేల్చుకుని వెళ్లేసరికి సెప్టెంబరు వచ్చేసింది. మా వయసు వాళ్లెవరైనా బండి ఊహలో ఉంటే, ముందు షోరూముకి కాదు, బీరువా దగ్గరికి వెళ్లి లైసెన్సు మీద తారీఖు చూసుకోండి.

నలభై దాటినవాళ్లకి ఫారం 1ఏ అని డాక్టరు సర్టిఫికెట్టు కావాలి. మా కుటుంబ డాక్టరు కళ్లు చూసి, చెవులు చూసి, మెడ తిప్పమని, "ఏం బండికండీ?" అన్నారు. చెప్పాను. ఆయన స్టెతస్కోపు మళ్లీ పెట్టి చూశారు. కుడికంటికి శుక్లం ఆపరేషనై మూడేళ్లయింది, చూపు బాగానే ఉంది. కానీ రాత్రి ఎదురు లైట్లు పడితే చుట్టూ వలయాలు కనపడతాయని నేనే ఒప్పుకున్నాను. "అయితే చీకటి పడ్డాక తియ్యకండి" అని సంతకం పెట్టారు. ఆ మాట ఇప్పటికీ తప్పలేదు.

టెస్టుకి పక్కింటి కుర్రాడి 125 సీసీ బండి అడిగి తీసుకెళ్లాను. ఎనిమిది అంకె వెయ్యాలి, కాలు కింద పెట్టకూడదు. క్యూలో నా ముందూ వెనకా అంతా పద్దెనిమిది, పంతొమ్మిదేళ్ల పిల్లలు. ఒక పిల్ల "అంకుల్, మీరు ఎవరికి తోడొచ్చారు?" అంది. నాకు నేనే తోడొచ్చానమ్మా అన్నాను. మొదటిసారి ఎనిమిదిలో రెండో సున్నా తిరిగేచోట కాలు పెట్టేశాను. ఆ పిల్ల పాసైంది. వారం తర్వాత మళ్లీ రమ్మన్నారు. ఆ వారం రోజులూ పొద్దున్నే హైస్కూలు గ్రౌండులో సున్నంతో గీతలు గీసుకుని ఎనిమిదులు వేశాను. ఇరిగేషన్లో ఇన్నేళ్లు చేశాక సున్నం గీతలైనా తిన్నగా వస్తాయి కదా! కిటుకు ఏంటంటే ముందు చక్రాన్ని చూడకూడదు, వెళ్లాల్సిన చోటు చూడాలి. వెనక బ్రేకు మీద కొంచెం కాలు ఆనించి, క్లచ్ సగం పట్టుకుని మెల్లగా తిప్పాలి. రెండోసారి పాసయ్యాను. 55 దాటినవాళ్లకి ఐదేళ్లకే ఇస్తారు. అంటే 68 వచ్చాక మళ్లీ ఎనిమిది వెయ్యకుండా ఉండాలంటే తారీఖు గుర్తుపెట్టుకోవాలి. క్యాలెండరు వెనక రాసి పెట్టాను.

ఈలోగా జీఎస్టీ తగ్గింది. సెప్టెంబరు 22 నుంచి 350 సీసీ వరకూ బళ్లకి 28 శాతం కాస్తా 18 శాతం అయింది. ఆ పైన సీసీ ఉన్నవాటికి 40 శాతం. నేను అనుకున్నది ఆ బుల్లెట్ కంపెనీదే, క్లాసిక్ 350. దాని ఇంజిను నిజానికి 349 సీసీ. మా ఆవిడకి ఈ లెక్క వివరంగా చెప్పాను. ఆవిడ అంతా విని "తగ్గిందని కొంటారా? కొనకపోతే మొత్తం మిగుల్తుంది కదండీ" అంది. అందులో తప్పు పట్టడానికేమీ లేదు. అయినా దీపావళికి రెండు రోజుల ముందు తెచ్చుకున్నాను. ఆన్ రోడ్డు రెండు లక్షలు దాటింది.

కొనేముందు షోరూములో ఒక గంట కూర్చున్నాను. నిజంగానే కూర్చున్నాను, బండి మీద. నా వయసువాళ్లు స్పీడూ మైలేజీ అడగడానికి ముందు చూసుకోవాల్సింది ఇదే. సీటు ఎత్తు 805 మిల్లీమీటర్లు. నేను ఐదడుగుల తొమ్మిదంగుళాలు కాబట్టి రెండు పాదాలూ పూర్తిగా ఆనాయి. సైడు స్టాండు తీసి, బండిని రెండు కాళ్ల మధ్య నిలబెట్టి, కొంచెం అటూ ఇటూ వంచి చూశాను. ఎంత వంచితే మోకాలు కలుక్కుమంటుందో అక్కడే తెలుస్తుంది. సెంటర్ స్టాండు ఎక్కించమన్నారు. చేతుల్తో లాగబోయాను. షోరూము కుర్రాడు ఆపి, "సార్, లాగకండి. స్టాండు మీద కాలేసి మెట్టెక్కినట్టు ఎక్కండి, అదే వస్తుంది" అన్నాడు. వచ్చింది. ఇన్నేళ్లూ నడుం పట్టేసుకున్నది దీనికేనా అనిపించింది.

"కిక్కేది బాబూ?" అని అడిగాను.

"2021 నుంచి దీనికి కిక్ లేదు సార్. బటనే."

బటను నొక్కాడు. అమ్మీటరు లేదు, ముల్లు లేదు, మొక్కుబడి లేదు. పలికింది. కాయ ఉన్న నా చీలమండ కొంచెం చిన్నబుచ్చుకున్న మాట నిజం.

చప్పుడు పాతది కాదు. వంద గజాల అవతల్నుంచే ఇంట్లోవాళ్లు గేటు తీసే డుగ్‌డుగ్ కాదు. మెత్తగా, కొంచెం గొంతు సవరించుకున్నట్టు ఉంటుంది. కానీ అద్దంలో వెనకొచ్చే లారీ నంబరు చదవగలిగాను. పాత బుల్లెట్లో అద్దంలో కనపడేది వణుకే. ఈ ఇంజిన్లో వణుకు మింగడానికి వేరే బ్యాలెన్సరు పెట్టారు. అయితే లోపల లెక్క పాత కాలందే. బోరు 72 మిల్లీమీటర్లు, స్ట్రోకు 85.8. అంటే పిస్టను లావు తక్కువ, నడక ఎక్కువ. అందుకే పరుగులు పెట్టదు గానీ తక్కువ తిరుగుళ్లలోనే లాగుతుంది. నాలుగు వేల తిరుగుళ్ల దగ్గర ఉన్న బలమంతా ఇచ్చేస్తుంది. ఐదో గేర్లో అరవైలో పోతుంటే వరిచేల పక్కన నడుస్తూ ఎవరితోనో కబుర్లు చెబుతున్నట్టు ఉంటుంది. ఎనభై దాటిస్తే ఆ కబుర్లు ఆగిపోతాయి. నాకు ఎనభై అక్కర్లేదు.

పాత బండిని చూసిన మెకానిక్ కొడుకు ఇప్పుడు అదే షెడ్డు నడుపుతున్నాడు. చూపించడానికి తీసుకెళ్లాను. స్పార్కు ఇచ్చే పాయింట్లు ఎక్కడుంటాయో చెప్పు, నేనే గరుకు కాగితంతో గీసుకుంటాను అన్నాను. అతను నవ్వి "పాయింట్లు లేవండి మేస్టారూ. మీరు చేసేదేం లేదు. వారానికోసారి గాలి చూసుకోండి, చైను తుడిచి ఆయిలెయ్యండి. మిగతాది సర్వీసులో చూస్తారు" అన్నాడు. పాత బండికి ఆదివారం పూట సగం రోజు పట్టేది, చేతులకి నలుపు మంగళవారం దాకా పోయేది కాదు. ఇప్పుడు చైను పని ఇరవై నిమిషాలు. మిగిలిన టైములో దాని పక్కన స్టూలేసుకుని పేపరు చదువుతున్నాను.

గేదె తర్వాత ఏం చేశానో చెప్పాలి కదా. మర్నాడే స్కూటరు తాళాలు మా ఆవిడకి ఇచ్చేసి, నెల రోజులు నాకు ఇవ్వొద్దని చెప్పాను. ఎడమ చెయ్యి ఒక్కపూట బ్రేకూ, ఇంకోపూట క్లచ్చూ అంటే ఈ వయసులో అది ఎవరి మాటా వినదు. పొద్దున్న ఐదున్నరకి మళ్లీ అదే హైస్కూలు గ్రౌండు. ఇరవైలో వెళ్లి ఆపడం, ముప్పైలో వెళ్లి ఆపడం. వాకింగుకొచ్చినవాళ్లు వింటున్నా సిగ్గుపడకుండా పైకి అనేవాణ్ణి. "కుడిచెయ్యి, కుడికాలు. కుడిచెయ్యి, కుడికాలు." ఎక్కాలు వల్లెవేసినట్టు. రెండు చక్రాలకీ ఏబీఎస్ ఉంది కాబట్టి గట్టిగా పట్టినా చక్రం బిగుసుకుపోదు. కాలి కింద బ్రేకు పెడల్ టకటకా కొట్టుకుంటుంది. మొదటిసారి అది కొట్టుకున్నప్పుడు ఏదో విరిగిందనుకుని దిగి చూశాను. కావాలని రెండు మూడుసార్లు గట్టిగా తొక్కి ఆ టకటకని కాలికి పరిచయం చేసుకోవడం మంచిది. నిజంగా అవసరమైనప్పుడు అదేంటో అని భయపడి కాలు తీసేస్తే కొంపలంటుకుంటాయి.

పదో రోజుకి నిలబడి ఆలోచిస్తే సరిగ్గా వచ్చేది. కంగారులో వస్తుందా అన్నది తెలీదు. కంగారు పడి చూడలేం కదా.

మొదటి 500 కిలోమీటర్లూ మెల్లగా నడపాలన్నారు. ఆ మెల్లదనం నాకు ఎలాగూ అవసరమే. ధవళేశ్వరం బ్యారేజీ దాటి బొబ్బర్లంక, అక్కణ్ణుంచి ఆత్రేయపురం, లొల్ల లాకులు, రావులపాలెం మీదుగా బావగారి ఊరు. నేను ఉద్యోగంలో తిరిగిన దారే. ప్రతి తూముకీ, ప్రతి లాకుకీ ఒక ఫైలు గుర్తొస్తుంది. ఆత్రేయపురంలో పూతరేకులు కట్టించుకుని బావగారి ఇంటికి వెళ్లాను.

ఆయన వీధిలోకొచ్చి బండి చుట్టూ రెండు ప్రదక్షిణాలు చేశారు. ముట్టుకోలేదు. "బాగుందండి బావగారూ" అన్నారు. లోపల కాఫీ ఇచ్చారు. మొదటి గుక్క మింగానో లేదో, తోటలో ధబ్బుమని పడింది. కొబ్బరికాయ అనుకున్నాం. కాదు. ఇసుక నేల, పైన రాత్రి కురిసిన వాన. సైడు స్టాండు మెల్లగా దిగబడి, దిగబడి, బండి ఎడమ పక్కకి పడుకుంది. ట్యాంకు మూత దగ్గర పెట్రోలు చుక్కలు కారుతున్నాయి.

నేను హ్యాండిలు పట్టుకుని ఎదురుగా వంగి లేపబోయాను. కదల్లేదు. నడుములో ఏదో మెరిసింది. బావగారు "ఉండండి" అని నన్ను పక్కకి తప్పించి, పంచె ఎగ్గట్టి, బండికి వీపు చూపించి, సీటుకి నడుం ఆనించి కూర్చున్నట్టు వంగారు. ఒక చెయ్యి కింది హ్యాండిలు మీద, ఇంకో చెయ్యి వెనక పట్టుకునే కమ్మీ మీద. వీపు తిన్నగా పెట్టి, కాళ్లతో చిన్న చిన్న అడుగులు వెనక్కి వేస్తూ లేచారు. 195 కిలోలూ ఆయన వెనకే లేచింది. గేర్లో ఉండబట్టి దొర్లలేదు. అవతలి పక్కకి పడకుండా నేను అటు నిలబడ్డాను. నా వంతు సాయం అంతే.

"ఎక్కడ నేర్చుకున్నారండి?" అన్నాను.

"వడ్ల బస్తాలండి, బావగారూ. ఎత్తేది చేతుల్తో కాదు, కాళ్లతో."

తర్వాత ఒక ఎండు కొబ్బరి డొక్క తెచ్చి స్టాండు కింద పెట్టారు. ఇప్పుడు నా సంచిలో అరచెయ్యంత చెక్కముక్క ఎప్పుడూ ఉంటుంది. మెత్తటి నేల అయితే దాన్ని కింద వేసి గానీ స్టాండు దించను. క్లచ్ లివరు కొంచెం వంగింది. అలాగే ఉంచేశాను, నా వేళ్లకి అదే బాగుంది.

నవంబరులో ఆయనా కొన్నారు. ఆయన కొంచెం పొట్టి మనిషి, నా బండి మీద మునివేళ్లే ఆనాయి. అందుకని అదే కంపెనీ హంటర్ తీసుకున్నారు. అదే ఇంజిను, సీటు 790 మిల్లీమీటర్లు, బరువు 181 కిలోలు. "ఇందులో యెజ్డీ ఎక్కడుందండి" అని వారం రోజులు నసిగారు. ఎనిమిదో రోజు ఫోన్ చేసి "బావగారూ, అన్నవరం వెళ్దామా" అన్నారు. కొండ కింద తొలిపావంచా దగ్గర పూజ, చక్రాల కింద నిమ్మకాయలు, ఆకు పొట్లాల్లో ప్రసాదం. ఆడవాళ్లిద్దరూ రైల్లో వచ్చారు. హైవే మీద లారీల మధ్య మీ ఇద్దరి వెనక కూర్చోవడం కంటే నిలబడి జనరల్ బోగీలో వస్తాం అన్నారు. ఆ హైవే నాకూ నచ్చలేదు. అరవైలో పోయేవాడికి అక్కడ పని లేదు.

డిసెంబరులో మారేడుమిల్లి వెళ్లాం. రాజమండ్రి నుంచి కోరుకొండ, గోకవరం, రంపచోడవరం మీదుగా తొంభై కిలోమీటర్ల లోపే. కుర్రాళ్లు రెండు గంటల్లో పోతారు. మాకు నాలుగు గంటలు పట్టింది, దాచడం ఎందుకు. నలభై నిమిషాలకోసారి ఆగుతాం. అందులో సగం టీ కోసం, సగం ఆ టీ కోసం. ఈ వయసులో మగవాళ్లకి అర్థమవుతుంది. ఆగినప్పుడు కూర్చోం. బండి చుట్టూ రెండు నిమిషాలు నడుస్తాం, మోకాళ్లు వంచి చాపుతాం. బావగారి బీపీ మాత్రలు నా సంచిలో, నా మోకాలి పట్టీ ఆయన సంచిలో. ఎందుకలా అయిందో ఇద్దరికీ గుర్తులేదు.

బయల్దేరేముందు ఎవరు ముందు నడపాలి అన్నదాని మీద "మీరే", "కాదు, మీరే" అని పది నిమిషాలు అయింది. చివరికి ఆయన కాస్త మెల్లగా వెళ్తారు కాబట్టి ఆయనే ముందు అనుకున్నాం. ఇది మంచి పద్ధతని తర్వాత తెలిసింది. మెల్లగా వెళ్లేవాడు వెనక ఉంటే, అందుకోవాలని తన శక్తికి మించి తోలతాడు.

రంపచోడవరం దాటాక చలి మారిపోతుంది. మైదానం చలి ఒంటి పైన ఉంటుంది. అక్కడి చలి చొక్కా గుండీల మధ్యలోంచి లోపలికొస్తుంది. పొగమంచు చెట్ల మొదళ్ల దాకా దిగి ఉంది. మలుపుల్లో మూడో గేర్లో వదిలేసి, బ్రేకు ముట్టకుండా, యాక్సిలరేటరు తగ్గిస్తూ పెంచుతూ పోతే ఇంజినే పట్టి ఆపుతుంది, ఇంజినే లాగుతుంది. నా ముందు మంచులో బావగారి ఎర్ర లైటు, దాని పైన ఆయన మంకీ క్యాపు మీద పెట్టిన హెల్మెట్టు. ఒక మలుపులో ఆయన చెయ్యి పక్కకి చాపారు. ఏదో ప్రమాదమనుకుని వేగం తగ్గించాను. ఏమీ లేదు. లోయలో మంచు మీద ఎండ పడుతోంది, అది చూడమని.

మారేడుమిల్లిలో బొంగులో చికెన్ తిన్నాం. ఆయనకి కారం, ఉప్పు తగ్గించమన్నారు డాక్టర్లు. పక్కకి చూస్తూ తిన్నారు.

తిరుగు ప్రయాణంలో గోకవరం దగ్గర ఒక కుక్క. గేదెలా కాదు, ఇది పొదల్లోంచి దూసుకొచ్చింది. బావగారి బండి దాటగానే నా ముందుకి. బండి టకటకా కొట్టుకుని నిలబడిపోయింది, కుక్క అవతలికి పోయింది. నేను మళ్లీ మొదటి గేరు వేసి, బయల్దేరి, ఒక రెండు కిలోమీటర్లు పోయి ఉంటాను. అప్పుడు తట్టింది. కుడిచెయ్యి, కుడికాలు. ఎవరూ చెప్పకుండానే. బండి పక్కన ఆపేసి కాసేపు నా కుడి బూటు వంక చూస్తూ నిలబడ్డాను. బావగారు వెనక్కి తిప్పుకొచ్చి, "ఏమైందండి, పంచరా?" అన్నారు.

"కాదండి, బాగుంది" అన్నాను.

మర్నాడు పొద్దున్న మా ఆవిడ కొత్తిమీర, అరటికాయలు తేవాలి, స్కూటరు తియ్యండి అంది. నెల గడువు ఎప్పుడో అయిపోయింది కదా, తాళాలు తీసుకున్నాను. వెనక ఆవిడ, చేతిలో సంచి. సందు చివర మెయిన్ రోడ్డులో కలిసేముందు గేరు మార్చాలని, అలవాటుగా, ఎడమ చేతి లివరు పూర్తిగా పట్టేశాను.

అది స్కూటరు. అది బ్రేకు. బండి ఉన్నచోట ఉన్నట్టు నిలబడింది. ఆవిడ నుదురు నా వీపుకి ఠాప్ మని తగిలింది. ఖాళీ సంచి ఎగిరి రోడ్డు మీద పడింది. నా కుడికాలు ఇంకా ఫుట్‌బోర్డు మీద లేని బ్రేకుని తొక్కుతూనే ఉంది.

ఆవిడ దిగింది. సంచి తీసుకుని దులిపింది. నా చేతిలోంచి తాళాలు తీసుకుంది.

"మీరెళ్లి మీ బండి పక్కన పేపరు చదువుకోండి. కొత్తిమీర నేను తెస్తాను."